అట్ట మీద ఒకరు, గిటార్ మీద ఇంకొకరు

ముఖాలకి మేకప్ వేసుకుని స్టేజీ ఎక్కే అమెరికన్ రాక్ బ్యాండ్ కిస్, 1982లో 'క్రీచర్స్ ఆఫ్ ది నైట్' అనే ఆల్బమ్ వేసింది. అట్ట మీద నీలి చీకట్లో నాలుగు ముఖాలు, వాటిలో ఒకటి లీడ్ గిటారిస్టు ఏస్ ఫ్రేలీది. ఆల్బమ్‌లో ఆయన వాయించింది మాత్రం సున్నా. అప్పటికే బ్యాండ్‌తో దాదాపు తెగిపోయింది, సోలోలు, అంటే పాట మధ్యలో గిటార్ ఒక్కటే ముందుకొచ్చి వాయించే ముక్కలు, విన్నీ విన్సెంట్, రాబెన్ ఫోర్డ్ లాంటి బయటివాళ్లు పంచుకున్నారు, టైటిల్ పాటలో సోలో అయితే తర్వాత మిస్టర్ మిస్టర్ అనే పాప్ బ్యాండ్‌తో హిట్లు కొట్టిన స్టీవ్ ఫారిస్‌ది. అసలు తమాషా 1985లో జరిగింది. అదే ఆల్బమ్‌ని కొత్త అట్ట వేసి మళ్లీ అమ్మారు, ఈసారి మేకప్ లేని ముఖాలు, ఫ్రేలీ ఉండాల్సిన చోట అప్పటికి బ్యాండ్‌లో ఉన్న బ్రూస్ కూలిక్. ఆయనా అందులో ఒక్క నోటు వాయించలేదు. ఒకే ఆల్బమ్, రెండు అట్టలు, రెండింటి మీదా వాయించని గిటారిస్టే.

రాక్ వినేవాళ్లందరి దగ్గరా ఇష్టమైన సోలోల జాబితా ఒకటి ఉంటుంది, అడక్కపోయినా చెప్తారు. జాబితాలో ప్రతి పాట పక్కనా ఒక పేరు ఉంటుంది, ఆ పేరు దాదాపు ఎప్పుడూ ఆ బ్యాండ్ లీడ్ గిటారిస్టుదే. ఎక్కువసార్లు అది నిజమే కూడా. కానీ 60ల నుంచి 80ల దాకా వచ్చిన ఆల్బమ్‌లలో ఈ లెక్క తప్పే సందర్భాలు చాలా ఉన్నాయి, అవి కూడా ఎవరికీ తెలియని పాటల్లో కాదు, బాగా వినిపించే పాటల్లోనే. అలాంటప్పుడు సోలో ఎవరిదో తేల్చాలంటే చెవి ఒక్కటే సరిపోదు. ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది: పేరు ఎందుకు వేయలేదు? కంపెనీ కాంట్రాక్టు అడ్డొచ్చిందా, బ్యాండ్ పరువు అడ్డొచ్చిందా, లేక వేయాలని ఎవరికీ తోచలేదా? అది తెలిస్తే ఎక్కడ వెతకాలో సగం తెలిసిపోయినట్టే. కారణం పట్టించుకోకుండా ఒట్టి సౌండ్ విని పేరు చెప్పేవాళ్లు పెద్ద పెద్ద గిటారిస్టుల విషయంలోనే బోల్తా పడ్డారు.

కాంట్రాక్టు సంగతి ముందు చూద్దాం, ఎందుకంటే అది తేలిక. ఒక కంపెనీతో ఒప్పందం ఉన్న కళాకారుడు ఇంకో కంపెనీ రికార్డు మీద వాయిస్తే అనుమతులు కావాలి, ఆ గొడవంతా ఎందుకని పేరే ఎత్తకుండా వదిలేయడం, లేదంటే దొంగపేరు పెట్టడం అప్పట్లో మామూలు. బీటిల్స్ 1968 డబుల్ ఆల్బమ్‌లో 'వైల్ మై గిటార్ జెంట్లీ వీప్స్' పాట జార్జ్ హారిసన్‌ది, అందులో ఏడుస్తున్నట్టు సాగే లీడ్ గిటార్ ఎరిక్ క్లాప్టన్‌ది. ఆల్బమ్ మీద ఆయన పేరు లేదు. బీటిల్స్ రికార్డుల మీద బయటివాళ్లెవరూ గిటార్ వాయించరని క్లాప్టన్ మొదట ఒప్పుకోలేదు, హారిసన్ బలవంతం మీద వెళ్లి వాయించాడు, తీరా వాయించాక ఇది మరీ తన గిటార్‌లా ఉంది, బీటిల్స్‌లా లేదన్నాడు. దాంతో మిక్సింగ్‌లో టేపు వేగాన్ని అటూ ఇటూ కదిలిస్తూ ఆ సౌండ్‌ని వణికించారు. పాట చివర్లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే తెలుస్తుంది, తీగ లాగినప్పుడు వచ్చే వణుకు కాకుండా శబ్దం మొత్తం నీళ్లలో ఉన్నట్టు ఊగుతుంది. అంటే గుర్తుపట్టకూడదని సౌండ్‌నే మార్చారన్నమాట.

ఆ బాకీ హారిసన్ 1969లో తీర్చాడు. క్లాప్టన్ బ్యాండ్ క్రీమ్ చివరి ఆల్బమ్‌లో 'బ్యాడ్జ్' అనే పాట ఇద్దరూ కలిసి రాశారు, హారిసన్ గిటార్ కూడా వాయించాడు, పేరు మాత్రం 'లాంజెలో మిస్టీరియోసో' అని వేశారు. రాక్ రికార్డు మీద ఇలాంటి ఎవరికీ తెలియని వింత పేరు కనపడితే వెనక ఒక పెద్ద పేరూ ఒక కంపెనీ కాంట్రాక్టూ ఉన్నాయని అనుమానించొచ్చు. కానీ ఇక్కడే ఇంకో మెలిక ఉంది. ఆ పాట మధ్యలో తిరుగుతున్న స్పీకర్‌లోంచి వచ్చినట్టు మెరిసే గిటార్ ముక్క అచ్చం హారిసన్‌లా ఉంటుంది, అందుకే చాలామంది అది ఆయనదే అనుకుంటారు. అది క్లాప్టన్‌ది. హారిసన్ వాయించింది రిథమ్, అంటే వెనక లయ పట్టి నడిపే గిటార్. దొంగపేరు పట్టేసుకున్నాం కదా అని పాటలో బాగున్న ముక్కంతా ఆ పేరుకి రాసిచ్చేయకూడదు.

ఇక బ్యాండ్ పరువు. రసవత్తరమైన కథలన్నీ ఇక్కడే ఉన్నాయి.

ఏరోస్మిత్ అంటే జో పెర్రీ, బ్రాడ్ విట్‌ఫర్డ్, ఇద్దరూ మంచి గిటారిస్టులు. 1974లో వచ్చిన వాళ్ల రెండో ఆల్బమ్ 'గెట్ యువర్ వింగ్స్'లో 'ట్రెయిన్ కెప్ట్ ఎ రోలిన్' అనే పాత పాట ఉంది. మొదటి సగం స్టూడియోలో వాయించినట్టు ఉంటుంది, రెండో సగంలో హఠాత్తుగా జనం అరుపులు మొదలై కచేరీలో ఉన్నట్టు అయిపోతుంది. జనం అరుపులు తర్వాత కలిపినవి. ఆ పాటలో చెవుల తుప్పు వదిలించే సోలోలు పెర్రీవీ కావు, విట్‌ఫర్డ్‌వీ కావు. మొదటి భాగంలోవి స్టీవ్ హంటర్‌వి, చివర్లోవి డిక్ వాగ్నర్‌వి. ఇద్దరూ డబ్బులు తీసుకుని వాయించి వెళ్లిపోయే సెషన్ గిటారిస్టులు, ఆల్బమ్ మీద ఇద్దరి పేర్లూ లేవు. కుర్ర బ్యాండ్, లీడ్ గిటార్ మీదే పేరు నిలబెట్టుకోవాల్సిన బ్యాండ్, అందుకే పేరు వేయకపోవడంలో ఆశ్చర్యమేమీ లేదు. ఆ పాట కచేరీల్లో కొన్నేళ్లపాటు పెర్రీ, విట్‌ఫర్డ్ వాయిస్తూ వచ్చారు కాబట్టి, చూసినవాళ్లు ఆల్బమ్‌లోదీ వాళ్లదే అనుకోవడం సహజం.

మరి ఆ హంటర్, వాగ్నర్ అక్కడికి ఎలా వచ్చారు? గిటార్ వినడం పక్కన పెట్టి ప్రొడ్యూసర్ పేరు చదివితే దారి దొరుకుతుంది. ఆ ఆల్బమ్ ప్రొడ్యూసర్ జాక్ డగ్లస్, ఆయన పైన బాబ్ ఎజ్రిన్. ఎజ్రిన్ 1973లో లూ రీడ్‌తో 'బెర్లిన్' చేశాడు, అందులో ఈ ఇద్దరూ ఉన్నారు. ఆ ఏడాది డిసెంబరులో న్యూయార్క్‌లో లూ రీడ్ చేసిన కచేరీ 'రాక్ ఎన్ రోల్ యానిమల్' పేరుతో రికార్డుగా వచ్చింది, 'స్వీట్ జేన్' ముందు మూడు నిమిషాలకు పైగా రెండు గిటార్లు ఒకదాన్నొకటి పైకి లేపుకుంటూ వెళ్లే ఆ ఆరంభం హంటర్ రాసినది, వాయించింది మళ్లీ ఈ జంటే. 1975లో ఆలిస్ కూపర్ 'వెల్‌కమ్ టు మై నైట్‌మేర్' ఎజ్రిన్ ప్రొడక్షన్, గిటార్లు వీళ్లవే. 1977లో పీటర్ గేబ్రియల్ మొదటి సోలో ఆల్బమ్ కూడా ఎజ్రిన్‌దే, 'సాల్స్‌బరీ హిల్'లో గలగలా పారే ఆ అకూస్టిక్ గిటార్ హంటర్‌దే. పై పేర్లన్నీ వరసగా పెట్టుకుంటే విషయం తేలిపోతుంది: ప్రొడ్యూసర్ మారితే స్టూడియోకి వచ్చే మనుషులు మారతారు, ప్రొడ్యూసర్ అదే అయితే బ్యాండ్ ఏదైనా మనుషులు వాళ్లే. మన పెళ్లిళ్లలో క్యాటరింగ్ కాంట్రాక్టర్ ఎవరో తెలిస్తే గుత్తివంకాయ చేసే వంటమనిషి ఎవరో తెలిసిపోయినట్టే ఇది.

అందుకే 1976లో ఎజ్రిన్ కిస్ బ్యాండ్‌కి 'డిస్ట్రాయర్' చేశాడనగానే డిక్ వాగ్నర్ ఎక్కడో ఉంటాడని అనుమానం రావాలి. ఉన్నాడు. 'స్వీట్ పెయిన్'లో ఏస్ ఫ్రేలీ వాయించిన సోలో తీసేసి వాగ్నర్‌తో వాయించింది పెట్టారు. 2012లో ఆ ఆల్బమ్‌ని మళ్లీ మిక్స్ చేసి విడుదల చేసినప్పుడు ఫ్రేలీ అసలు సోలో ఉన్న వెర్షన్ కూడా కలిపారు, కాబట్టి ఇప్పుడు రెండూ పక్కపక్కన వినొచ్చు. ఇలాంటి అవకాశం రాక్ చరిత్రలో చాలా అరుదు, కుతూహలం ఉన్నవాళ్లు తప్పకుండా చేయాల్సిన పని. వాగ్నర్‌ది శుభ్రంగా, గీత గీసినట్టు ఉంటుంది, ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలో ముందే తెలిసినవాడి వాయింపు. ఫ్రేలీది తూలుతూ వెళ్తుంది, కానీ కిస్ పాటలో కిస్ గిటారిస్టు వాయించినట్టు ఉంటుంది. ఎజ్రిన్ చేసింది సంగీతపరంగా కరెక్టే కావచ్చు, పేరు దాచడం మాత్రం అభిమానిని మోసం చేసినట్టే.

కిస్ అక్కడితో ఆగలేదు. 1977 'అలైవ్ II'లో నాలుగో వైపు ఉన్న స్టూడియో పాటల్లో మూడింటికి లీడ్ బాబ్ కూలిక్‌ది, అంటే పైన అట్ట మీద చెప్పుకున్న బ్రూస్ వాళ్ల అన్న. 1998లో పాత నలుగురూ మళ్లీ కలిశారని ఊదరగొట్టి 'సైకో సర్కస్' విడుదల చేస్తే, అందులోనూ చాలా పాటల్లో లీడ్ గిటార్ టామీ థేయర్‌ది. తర్వాత ఆ థేయరే ఫ్రేలీ మేకప్ వేసుకుని స్టేజీ ఎక్కాడు. ఈ బ్యాండ్ విషయంలో సోలో ఎవరిదని అడిగితే ముందు ఏ ఆల్బమ్, ఏ ఏడాది అని ఎదురు అడగాల్సిందే.

పరువు కాక, కాంట్రాక్టు కాక, మూడో రకం ఒకటుంది. ఇందులో ఎవరూ ఏదీ దాచలేదు. బ్యాండ్‌లో వాళ్లే ఒకరి పని ఒకరు చేసేశారు, అట్ట మీద 'లీడ్ గిటార్' అని ఒకరి పేరే ఉండిపోయింది. బీటిల్స్ 1966 'రివాల్వర్' తెరవగానే వచ్చే 'టాక్స్‌మ్యాన్' హారిసన్ పాట, పాడింది హారిసన్, మధ్యలో మన సంగీతం వాసన కొట్టే ఆ కరుకు సోలో పాల్ మెకార్ట్‌నీది. హారిసన్ అప్పటికే సితార్ పట్టుకున్నాడు కాబట్టి అందరూ ఆయనదే అనుకున్నారు. తన కోసమే పాల్ కాస్త ఇండియన్ ముక్క వేశాడని, అది తనకి నచ్చిందని హారిసన్ తర్వాత చెప్పాడు. పాట చివర్లో మసకబారుతూ మళ్లీ ఒక సోలో వస్తుంది, చెవి పెట్టి వింటే అది కొత్తది కాదు, మధ్యలో వాయించినదాన్నే టేపు కాపీ తీసి అతికించారు.

బీటిల్స్‌లో ముగ్గురి చేతుల్ని విడదీసి వినడం నేర్చుకోవాలంటే 1969 'యాబీ రోడ్'లో 'ది ఎండ్' కంటే మంచి పాఠం లేదు. రింగో డ్రమ్ సోలో అయ్యాక ముగ్గురూ వంతులవారీగా వాయిస్తారు, ఒక్కొక్కరికి రెండు బార్లు (బార్ అంటే తాళంలో ఒక ఆవృత్తం), వరస పాల్, జార్జ్, జాన్, అలా మూడు రౌండ్లు. మొదటి రెండు బార్లు పదునుగా, పై తీగల మీద కుట్టినట్టు ఉంటాయి, అది పాల్. తర్వాతి రెండిట్లో తీగ లాగడం మొదలవుతుంది, నోటు ఒక చోట పుట్టి ఇంకో చోటికి జారుకుంటుంది, అది జార్జ్. ఆ తర్వాత బొంగురుగా, మందంగా, దాదాపు రాగం లేకుండా ఒకే చోట గుద్దుతున్నట్టు వచ్చేది జాన్. వరస తెలుసుకుని ఒక పదిసార్లు వింటే ముగ్గురూ ముగ్గురు మనుషుల్లా విడిపోతారు. ఆ తర్వాత వెనక్కి వెళ్లి 'టాక్స్‌మ్యాన్' వింటే, ఆ కుట్టే చెయ్యి పాల్‌దని వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు.

మెటాలికా సంగతీ ఇంతే. లీడ్ గిటార్ కర్క్ హ్యామెట్ కాబట్టి 'నథింగ్ ఎల్స్ మ్యాటర్స్' సోలో ఆయనదే అనుకుంటారు, అది పాటగాడు జేమ్స్ హెట్‌ఫీల్డ్ వాయించినది. 1986 'మాస్టర్ ఆఫ్ పప్పెట్స్' టైటిల్ పాట మధ్యలో నెమ్మదిగా, జాలిగా వచ్చే మొదటి సోలో కూడా హెట్‌ఫీల్డ్‌దే, తర్వాత దూసుకొచ్చేది హ్యామెట్‌ది. అదే ఆల్బమ్‌లో 'ఓరియన్' వింటూ చాలామంది గిటార్ అనుకునే ముక్కల్లో క్లిఫ్ బర్టన్ బేస్ గిటార్ ఉంది. మనిషినే కాదు, వాద్యాన్ని కూడా పోల్చుకోలేకపోవడం ఇక్కడ పెద్ద నామోషీ ఏమీ కాదు, శబ్దాన్ని కావాలని చిట్లగొట్టే డిస్టార్షన్ వేస్తే బేస్ కూడా గిటార్‌లా అరుస్తుంది.

చెవితో తేల్చే పద్ధతి గురించి కాస్త సాంకేతికంగా మాట్లాడుకోవాలి. ఎలక్ట్రిక్ గిటార్‌లో తీగ కింద పికప్ ఉంటుంది, అయస్కాంతం చుట్టూ సన్నటి రాగి తీగ చుట్టింది. ఫెండర్ స్ట్రాటోకాస్టర్‌లో ఒక్కో పికప్‌కి అలాంటి తీగచుట్ట (కాయిల్) ఒక్కటే, సౌండ్ పల్చగా మెరుస్తుంది, పక్కన ట్యూబ్‌లైట్ ఉంటే గుయ్‌మని దాన్నీ పట్టుకుంటుంది. గిబ్సన్ లెస్ పాల్‌లో ఉండే హంబకర్ అనే పికప్‌లో రెండు కాయిల్స్ ఒకదానికొకటి ఎదురుగా పనిచేస్తాయి, ఆ గుయ్ రొద రద్దయిపోతుంది, సౌండ్ బరువుగా గట్టిగా వస్తుంది. డెరెక్ అండ్ ది డామినోస్ 1970 ఆల్బమ్ 'లేలా'లో క్లాప్టన్, డ్వేన్ ఆల్‌మన్ ఇద్దరూ వాయించారు, ఎవరిది ఏదని ఒక రేడియో ఇంటర్వ్యూలో అడిగితే ఎరిక్‌ది ఫెండర్, తనది గిబ్సన్ అని ఆల్‌మన్ తేల్చేశాడు. ఆ ఆల్బమ్ వరకు ఇంతకంటే మంచి కొలబద్ద లేదు. పైగా ఆల్‌మన్ వేలికి గాజు గొట్టం తొడిగి స్లైడ్ వాయిస్తాడు, 'లేలా' రెండో సగంలో పియానో మీద తేలుతూ, మెట్లు అయిపోయిన చోటు దాటి ఇంకా పైకి, ఆఖర్న పిట్ట కూతలా ముగిసేదంతా ఆయనే. మెట్లు లేని చోట నోటు పుట్టాలంటే స్లైడ్ ఉండాల్సిందే కదా.

కానీ ఈ ఫెండర్, గిబ్సన్ లెక్కని సూత్రంలా పట్టుకుంటే దెబ్బ తింటాం. లెడ్ జెప్లిన్ జిమ్మీ పేజ్ అనగానే నడుం కింద వేలాడే లెస్ పాల్ గుర్తొస్తుంది, 1971 'స్టెయిర్‌వే టు హెవెన్' సోలో వాయించింది మాత్రం ఫెండర్ టెలికాస్టర్ మీద. క్లాప్టన్ సరే ఫెండర్ అనుకుంటే పైన చెప్పిన బీటిల్స్ పాటలో వాయించింది లెస్ పాల్. గిటార్ మారినా మారనిది చెయ్యి. నోటు పట్టుకున్నాక దాన్ని ఎంత వేగంగా, ఎంత వెడల్పుగా వణికిస్తాడు, తీగ లాగితే శ్రుతి దాకా వెళ్తాడా కాస్త ముందే ఆగుతాడా, వాక్యానికీ వాక్యానికీ మధ్య ఎంత ఖాళీ వదులుతాడు, ఇవి వినాలి. క్వీన్ బ్రయాన్ మే లాంటివాళ్లు ఈ పని సులువు చేస్తారు, గిటార్ తనే తయారుచేసుకున్నది, ప్లాస్టిక్ పిక్ బదులు పాత ఆరు పెన్నీల నాణెంతో మీటుతాడు, ఆ గరుకు ఇంకెవరి దగ్గరా రాదు.

రెండు గిటార్లు వినపడితే ఇద్దరు మనుషులని కూడా అనుకోకూడదు. లినర్డ్ స్కినర్డ్ 'ఫ్రీ బర్డ్' (1973) చివర్లో సాగే ఆ పొడుగాటి సోలో అలెన్ కాలిన్స్ ఒక్కడే రెండుసార్లు వాయించి ఒకదాని మీద ఒకటి వేసినది. మొదట్లో పిట్టలా కూసే స్లైడ్ గ్యారీ రాసింగ్టన్‌ది. కచేరీల్లో ఇద్దరు ముగ్గురు పక్కపక్కన నిలబడి వాయించడం చూసినవాళ్లు స్టూడియోలోదీ జంట సోలో అనుకుంటారు. దీనికి తిరగేసిన కేసు ఈగల్స్ బ్యాండ్ పాట 'హోటల్ కాలిఫోర్నియా'. అక్కడ నిజంగానే ఇద్దరు, డాన్ ఫెల్డర్ మొదలుపెడతాడు, జో వాల్ష్ అందుకుంటాడు, కాసేపు వంతులు వేసుకుని చివరికి ఇద్దరూ కలిసి మెట్లు దిగినట్టు ఒకే పల్లవిని రెండు స్వరాల్లో వాయిస్తారు. వాల్ష్‌కి పేరు ఎక్కువ కాబట్టి సోలో మొత్తం ఆయన ఖాతాలో వేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, నిజానికి ఆ పాట ట్యూన్ మొదలైందే ఫెల్డర్ ఇంట్లో చేసుకున్న డెమో క్యాసెట్‌తో. మయామీ స్టూడియోలో కొత్తగా ఏదో వాయిద్దామనుకుంటే బ్యాండ్‌లోని డాన్ హెన్లీ ఒప్పుకోలేదు, డెమోలో ఉన్నట్టే కావాలన్నాడు, ఫెల్డర్ ఇంటికి ఫోన్ చేసి పనిమనిషితో ఆ క్యాసెట్ ఫోన్‌లో వినిపించమని చెప్పి, అది విని మళ్లీ నేర్చుకున్నాడు.

పెద్ద పేరు దగ్గరికి సోలోలు వాటంతట అవే వెళ్లి చేరతాయి, ఇది బాగా గుర్తుపెట్టుకోవాలి. మైకేల్ జాక్సన్ 'బీట్ ఇట్' (1982)లో సోలో ఎడ్డీ వాన్ హేలెన్‌ది, డబ్బు కూడా తీసుకోలేదు, అది అందరికీ తెలుసు. దాంతో పాటలో గిటార్ అంతా ఆయనదే అనేస్తారు, ఆ రిఫ్ (పాటలో మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ ముక్క), బేస్ రెండూ టోటో బ్యాండ్ స్టీవ్ లూకథర్ వాయించినవి. జాక్సన్‌దే 1991 'బ్లాక్ ఆర్ వైట్'లో గన్స్ ఎన్ రోజెస్ గిటారిస్టు స్లాష్ ఉన్నాడు కాబట్టి రిఫ్ స్లాష్‌ది అంటారు, స్లాష్ వాయించింది పాట మొదలవకముందు వచ్చే ఆ తండ్రీకొడుకుల స్కిట్‌లో, అసలు రిఫ్ ప్రొడ్యూసర్ బిల్ బాట్రెల్‌ది. వీడియోని సాక్ష్యంగా తీసుకోవడం ఇంకా ప్రమాదం. డేవిడ్ బోవీ 'లెట్స్ డాన్స్' (1983) వీడియోలో బోవీయే చేతులకి గ్లవ్స్ వేసుకుని గిటార్ మీటుతూ కనిపిస్తాడు, ఆ సోలో అప్పటికి సొంత ఆల్బమ్ కూడా రాని టెక్సస్ కుర్రాడు స్టీవీ రే వాన్‌ది. ఆల్బమ్ మీద పేరు ఉంది, కానీ టీవీ చూసేవాళ్లలో అట్ట తిప్పి చదివేవాళ్లు ఎందరు?

వదంతుల్లో అన్నిటికంటే మొండిది కింక్స్ 'యూ రియల్లీ గాట్ మీ' (1964). ఆ సోలో జిమ్మీ పేజ్ వాయించాడని దశాబ్దాలుగా చెప్పుకుంటూనే ఉన్నారు. పేజ్ తనది కాదన్నాడు, ప్రొడ్యూసర్ షెల్ టాల్మీ పేజ్‌ది కాదన్నాడు, వాయించిన డేవ్ డేవిస్ ఒక జీవితకాలం మొత్తుకుంటూ ఉన్నాడు. 17 ఏళ్ల కుర్రాడు చిన్న ఆంప్లిఫయర్ స్పీకర్ కాగితాన్ని బ్లేడుతో చీరి ఆ చిరుగు సౌండ్ తెచ్చాడు, దాని ముందు సోలో పెద్ద విషయమా? అయినా వదంతి చావలేదు, ఎందుకంటే దానికి కాస్త ఆధారం లాంటిది ఉంది. పేజ్ అప్పట్లో లండన్‌లో తీరిక లేని సెషన్ గిటారిస్టు, టాల్మీ దగ్గర పనిచేసేవాడు, కింక్స్ మొదటి ఆల్బమ్ రికార్డింగ్‌లోనూ ఉన్నాడు. పైగా ఆ పాటలో డ్రమ్స్ బ్యాండ్ డ్రమ్మర్‌వి కావు, సెషన్ డ్రమ్మర్ బాబీ గ్రాహమ్‌వి. డ్రమ్స్ బయటివాడైతే గిటార్ ఎందుకు కాకూడదు అన్నది లాజిక్‌లాగే వినిపిస్తుంది. పేజ్ తర్వాత అంత పెద్దవాడు కాకపోయి ఉంటే మాత్రం ఈ ప్రశ్న ఎవరూ వేసి ఉండేవాళ్లు కాదు.

మనుషుల జ్ఞాపకాలు ఇలా ఉంటాయి కాబట్టి కాగితాలు వెతుకుతారు. అమెరికాలో సంగీతకారుల యూనియన్ ఉంది, స్టూడియోలో ఎవరు ఎన్ని గంటలు ఏ పాటకి వాయించారో ఫారం నింపాలి, లేకపోతే డబ్బులు రావు. డబ్బుతో ముడిపడిన కాగితం కాబట్టి అట్ట మీద అచ్చు కంటే నమ్మదగ్గది. 1965లో బర్డ్స్ 'మిస్టర్ టాంబురీన్ మ్యాన్'లో బ్యాండ్ నుంచి వాద్యం వాయించింది రోజర్ మగ్విన్ ఒక్కడే, మిగతా అంతా లాస్ ఏంజెలెస్ సెషన్ మనుషులు. కానీ ఫారం చెప్పేది ఆ రోజు ఎవరు వచ్చారన్నది, చివరికి పాటలో ఎవరు వాయించిన టేక్ (ఒకసారి వాయించి రికార్డు చేసినది) ఉంచారన్నది కాదు. ఈ మధ్య పాట నుంచి గిటార్‌ని విడదీసే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి, అంతకుముందు గిటార్ హీరో, రాక్ బ్యాండ్ వీడియో గేముల కోసం తీసిన విడి ట్రాకులు బయటికి వచ్చాయి. వినడానికి అద్భుతం, చెయ్యి పోల్చుకోవడానికి చాలా పనికొస్తాయి. విడదీసిన ట్రాక్ మీద పేరు రాసి ఉండదు, అంతే ఇబ్బంది.

తెలుగు సినిమా పాటలు వినేవాళ్లకి ఈ తిప్పలు కొత్త కాదు. రికార్డు మీద సినిమా పేరు, పాడినవాళ్లు, రాసినవారు, సంగీత దర్శకుడు, అక్కడితో సరి. చరణానికి ముందు వచ్చే గిటార్ బిట్ ఎవరిదో ఆర్కెస్ట్రాలో కూర్చున్నవాళ్లకే తెలియాలి. 90ల్లో ఏ.ఆర్. రెహమాన్ వాద్యకారుల పేర్లు అచ్చు వేయించడం మొదలుపెట్టాకే ఆ పద్ధతి కాస్త మారింది. ఆయన కూడా అంతకుముందు దిలీప్‌గా రాజ్-కోటి లాంటి వాళ్ల దగ్గర కీబోర్డు వాయించినవాడే, పేరు లేని పని ఎలా ఉంటుందో తెలిసినవాడు.

రాక్‌లో కూడా పేరు వేసే బ్యాండ్లు ఉన్నాయి. స్లేయర్ లాంటి మెటల్ బ్యాండ్లు పాట సాహిత్యం మధ్యలోనే ఇక్కడ కెర్రీ కింగ్, ఇక్కడ జెఫ్ హ్యానెమన్ అని రాసేశాయి, వాదనలకి తావే లేదు. ఇందులో అందరికంటే పద్ధతైనవాళ్లు స్టీలీ డాన్, ఎందుకంటే వాళ్లకి బ్యాండ్ అనే పరువు సమస్యే లేదు. డోనల్డ్ ఫేగన్, వాల్టర్ బెకర్ ఇద్దరూ పాటకి తగ్గ గిటారిస్టుని పిలిపించుకునేవాళ్లు. 'రీలిన్ ఇన్ ది ఇయర్స్' (1972)కి ఎలియట్ రాండల్, 'కిడ్ షార్లమేన్' (1976)కి ల్యారీ కార్ల్‌టన్. 1976లోనే వచ్చిన 'హెయిషన్ డివోర్స్'లో గిటార్ మాట్లాడుతున్నట్టు వినిపించే సోలో ఉంది, దాన్ని వాయించింది డీన్ పార్క్స్, తర్వాత ఆ టేపుని టాక్ బాక్స్‌లోంచి పంపి నోటితో మాటల్లా మలిచింది బెకర్. నోట్లు ఒకరివి, నోరు ఇంకొకరిది. ఇక ఈ సోలో ఎవరిదని రాయాలి? ఇద్దరిదీ అనడమే న్యాయం, ఒక్కరి పేరే కావాలంటే మాత్రం పార్క్స్‌కే ఇవ్వాలి, మెట్ల మీద వేళ్లు పెట్టింది ఆయనే కాబట్టి.

1977 'ఏజా' ఆల్బమ్‌లో ఏ పాటలో ఎవరు ఏం వాయించారో పాట పాటకీ అచ్చు వేశారు. అందులో 'పెగ్' పాట సోలో కింద జే గ్రేడన్ పేరు ఉంటుంది, పాకుతూ, జారుతూ, నవ్వుతున్నట్టు ఉండే అర నిమిషం. గ్రేడన్‌ని పిలిచేలోపు ఆరేడుగురు గిటారిస్టులు వచ్చి అదే చోట వాయించి వెళ్లారు, ఫేగన్‌కీ బెకర్‌కీ ఏదీ నచ్చలేదు. గ్రేడన్ కూడా ఒక పూటంతా కూర్చుని, అలా కాదు ఇలా అంటుంటే మార్చుకుంటూ వెళ్తే చివరికి ఆ టేక్ దొరికింది. వాయించి వెళ్లిన మిగతావాళ్ల పేర్లు మాత్రం అంత పద్ధతైన ఆ అట్ట మీద కూడా ఆ సోలో పక్కన కనపడవు.